కదిలేది ఒక్కటైనా

కరెంటు పోయింది కాబట్టి అద్దాన్ని కిటికీ వైపు తిప్పుకున్నాడు డాక్టర్ ఖాజా మొహిద్దీన్. మైక్రోస్కోపు అడుగున ఉండే ఆ గుండ్రటి అద్దానికి ఎదురుగా బెల్లం గోడౌను గోడ మీదుగా పడమటి ఎండ దొరికింది, అది చాలు, బెజవాడలో మే నెల ఎండని తిట్టనివాడు లేడు గాని ఇవాళ దానికి సలాం చెయ్యాలి, వెలుతురిస్తోంది, పైగా గాజుపలకను చల్లారనివ్వడం లేదు. చల్లారితే ఆ జీవి కదలదు. కదలకపోతే చీముకణానికీ దానికీ తేడా తెలియదు, రెండూ గుండ్రం, రెండూ మసక, తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లని వెనకనించి చూసి గుర్తుపట్టమన్నట్టుంటుంది. కదిలినప్పుడే అది ఫలానా అని చెప్పగలం. ఎటు పోవాలో తోచని దానిలా, ఉన్నచోటే కుదుపులు కుదుపులుగా కొట్టుకుంటూ, సన్నటి మీసాల్లాంటి పోగులతో చుట్టూ నీళ్ళని తడుముకుంటూ. ఒక్కటి చాలు. ఈ చుక్కలో ఎక్కడో కదిలేది ఒక్కటైనా కనబడితే ముందు గదిలోకి వెళ్ళి ఉందని చెప్పేస్తాడు, ఒక తల్లీ ఒక పిల్లా ఈ రాత్రికి ఒకే చాప మీద పడుకుంటారు.

ముందు గదిలో ముగ్గురున్నారు. ఈ చుక్క రామతులసి మొగుడు పూర్ణచంద్రరావుది, కొల్లేరు వైపు చేపల చెరువులున్నవాడు, లారీలతోపాటు కలకత్తా దాకా వెళ్ళివస్తుంటాడు, సీసాలో మూత్రం పట్టి తెచ్చి బల్ల మీద పెడుతున్నప్పుడు కూడా చొక్కా మడత నలగనివ్వలేదు. అతని పక్కన మేనమామ సంజీవరావు, రెండు వైపులా తనే పెద్దమనిషి, నోరు మంచిదే, నవ్విస్తాడు. గోడవార బెంచీ చివర్న పామర్రు రైతు బసవపున్నయ్య, రామతులసి తండ్రి, వచ్చిన దగ్గర్నుంచీ తువ్వాలు చేతులు మార్చుకోవడం తప్ప ఏం చెయ్యలేదు. రామతులసి వాళ్ళ దగ్గర లేదు. లోపల, మొహిద్దీన్ భార్య డాక్టర్ ఫక్రున్నీసా ఒకప్పుడు ఆడవాళ్ళని చూసిన గదిలో కూర్చుంది, ఆయనకీ రామతులసికీ మధ్య ఒక తలుపు, ఎప్పుడూ సగం తెరిచే ఉండే తలుపు. పటమటలో ఒక లేడీ డాక్టరు రామతులసిని పరీక్ష చేసి రోగం పేరు చీటీ మీద తేటగా రాసి, మీవారిని కూడా తీసుకురమ్మంది. ఆ డాక్టరమ్మాయి తప్పేమీ చెయ్యలేదు, ఆయనైతే అలా రాసేవాడా. ఆ చీటీ అత్తగారి చేతికి, అత్తగారి చేతినించి మందుల కొట్టు కుర్రాడి చేతికి వెళ్ళింది, అది పక్క పంచుకుంటే వచ్చే రోగమని వాడు కౌంటరు మీద మోచేతులాన్చి చెప్పాడట. ఆ సాయంత్రమే రామతులసిని పామర్రు బస్సెక్కించారు. నాలుగేళ్ళ కూతురు అక్షయని మాత్రం ఎక్కించలేదు.

సంజీవరావు ఒక మాట ఇచ్చాడు. పొద్దున్నే ఫోను చేసి అన్నాడు, మళ్ళీ ఇందాక ఇద్దరి ఎదుటా అన్నాడు: "మావాడికీ ఉందనుకోండి డాక్టరుగారూ, ఇంక తప్పెవరిదని నేనడగను. తల్లీ పిల్లా ఇంటికొచ్చేస్తారు. లేదనుకోండి, అప్పుడు మీరే చెప్పాలి, ఆ అమ్మాయికది గాల్లోంచి వచ్చిందా?" అప్పుడే చెప్పాడు మొహిద్దీన్, మగవాళ్ళలో అది దాక్కుంటుందనీ, ఉన్నా చాలాసార్లు కనబడదనీ, కనబడలేదంటే లేదని కాదనీ. సంజీవరావు నవ్వాడు. మగాడిలో కనపడదు, ఆడదానిలోనే కనపడుద్దా, భలే పురుగండీ, దానిక్కూడా మర్యాదలు తెలుసు, అన్నాడు. పూర్ణచంద్రరావు కూడా నవ్వాడు. బసవపున్నయ్య తువ్వాలు ఇంకో చేతిలోకి మారింది.

పలకని కొద్దిగా జరిపాడు. మళ్ళీ చీముకణాలు, నాలుగైదు, ఇసకలో కప్పెట్టిన గోళీల్లా కదలకుండా. పెద్ద పెద్ద చర్మపు పొరలు. ఏవో స్ఫటికాలు. అదిగో అక్కడ ఏదో జారింది, కాదు, అది తన కంటిలోదే, ఈ మధ్య కంట్లో నలకల్లా తేలుతున్నాయి, కన్ను ఎటు తిప్పితే అటు ఈదుతాయి, కంటి డాక్టరు వయసండీ అని ఊరుకున్నాడు. ఈ కన్ను ఫక్రున్నీసా కన్ను కాదు. ఈ మైక్రోస్కోపు ఆమెది, గుంటూరులో చదువుకునే రోజుల్లో వాళ్ళ ప్రొఫెసరు రిటైరవుతూ అమ్మేస్తుంటే పెళ్ళికి పెట్టిన గాజులమ్మి కొనుక్కుంది, ఆ సంగతి పెళ్ళయిన వారానికి గాని చెప్పలేదు, చెప్పి, గాజులు చప్పుడు చేస్తాయి డాక్టర్ సాబ్, ఇది చెయ్యదు, అంది. చలికాలంలో సెలైను బుడ్డిని చీర కుచ్చిళ్ళ దగ్గర నడుములో దోపుకుని తిరిగేది. అందరూ తాళాలు దోపుకునే చోట. చల్లటి చుక్క పడితే ఆ జీవి ముడుచుకుపోతుందని ఒకటి, చల్లటి నీళ్ళు తగిలితే పడుకున్న ఆడమనిషి ఉలిక్కిపడుతుందని ఇంకొకటి. రెండింట్లో ఏది ముందో ఆయన ఏనాడూ అడగలేదు, అడగాల్సింది, ఇలాంటివే అడగకుండా ఉండిపోతాయి.

తలుపుకి ఆ వైపు ఆడవాళ్ళు, ఈ వైపు మగవాళ్ళు, వన్ టౌన్‌లో ఆ ఆస్పత్రి అలాగే నడిచింది. ఆ వైపు ఆమె ఈ పురుగుని చూసినప్పుడు తలుపు మీద వేలి కణుపుతో ఒకసారి తట్టేది. దానర్థం, వీళ్ళాయన రేపో ఎల్లుండో నీ దగ్గరికొస్తాడు, షుగరు పరీక్షకని చెప్పి పంపిస్తున్నాను. వచ్చేవాడు. షుగరు చూసి, నాలిక చూసి, పొట్ట నొక్కి, నులిపురుగులున్నాయి బాబూ అనేవాడు ఈయన, ఎదురుగా నిలబెట్టి నాలుగు మాత్రలు ఒక్కసారే మింగించేవాడు, రెండ్రోజులు బ్రాందీ ముట్టుకుంటే పేగులు బయటికొస్తాయని భయపెట్టేవాడు. నులిపురుగులకి ఏ మగాడూ సిగ్గుపడడు. ఇంటికి వెళ్ళి పెళ్ళాం మీద చెయ్యెత్తడు. అదే మాత్ర, అదే రోజు, ఇద్దరి ఒంట్లోంచీ అదే పురుగు పోయేది, ఇంట్లో చప్పుడుండేది కాదు. ఇన్నేళ్ళూ అలా ఎంతమందిని కాపాడుకొచ్చామని రాత్రిపూట అన్నం తింటూ ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆడవాళ్ళ చీటీ మీద మాత్రం రోగం అసలు పేరే రాసేది ఆమె, ఇంగ్లీషులో, గొలుసు రాతలో. రేపు ఇంకో డాక్టరు చూడాల్సివస్తే ఆ మనిషికి అన్యాయం జరక్కూడదు కదా అనేది. మగవాళ్ళ చీటీ మీద ఈయన నులిపురుగులని రాసేవాడు, వాళ్ళు చదువుకుంటారు కాబట్టి.

ఇందాక పూర్ణచంద్రరావు ఆ పాత చీటీలు రెండూ తీసి బల్ల మీద పక్కపక్కన పరిచాడు. తొంభై తొమ్మిది నాటివి. దాచుకున్నాడు, ఇలాంటి మనుషులు కాగితం పారెయ్యరు. ఆవిడకప్పుడే ఉంది, నాకు నులిపురుగులు, కింద మీ సంతకమేగా అన్నాడు, గొంతులో కోపం కూడా లేదు, లెక్క తేలినవాడి నెమ్మది. అది మీకూ అదే జబ్బు అనుకుని ఇచ్చిన మందే బాబూ అని మొహిద్దీన్ అంటే, అనుకుని ఇచ్చారా, చూసి ఇచ్చారా, అని సంజీవరావు అడిగాడు. చూడలేదు. భార్యకుంటే భర్తకి చూడకుండానే ఇస్తారు, పుస్తకంలో అలాగే ఉంది, అది సరైన వైద్యం, కాని చూడలేదు. అలా మొదలై ఈ చుక్క దాకా వచ్చింది. నెమ్మదిగా, ప్రేమగా, ఇద్దరూ కలిసి ఒక గోడ కట్టారు, ఆ గోడకి ఒక వైపు ఆడవాళ్ళకి మాత్రమే రోగముంది.

దానమ్మ టీ గ్లాసుతో వచ్చి నిలబడింది. ఫక్రున్నీసా ఉన్నప్పటినించీ ఆయా, ఇప్పుడు ఆ వైపుకి ఆడవాళ్ళెవరూ రారు, మగ డాక్టరు చేత పరీక్ష ఎవరు చేయించుకుంటారు, అయినా రోజూ వచ్చి ఆ గది తుడిచి మంచం మీద కొత్త దుప్పటి పరిచి వెళ్తుంది. వద్దని ఎలా చెప్పడమో ఆయనకి తెలియలేదు, తరవాత చెప్పాలనిపించలేదు.

"ఆ మేనమామ గడియారం వంకే చూస్తన్నాడండీ. ఇక్కడేమో రామతులసి మంచినీళ్ళు కూడా ముట్టలా. ఉందా?"

"చూస్తున్నానమ్మా."

"లేకపోయినా ఉందనండి," అంది దానమ్మ గ్లాసు కింద పెడుతూ. "అమ్మగారైతే అనేవారు."

అనేదా? కన్ను మళ్ళీ గొట్టానికి ఆనించాడు. కనురెప్ప చెమట గాజుకి అంటుకుంది, తుడిచాడు, మళ్ళీ పై వరస నించి, కుడి నించి ఎడమకి, ఒక గీత కిందికి, ఎడమ నించి కుడికి, నాగలి సాలు తప్పకుండా పోయినట్టు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తే బందరు కాలువ అడుగున బురదగుంటలు మిగులుతాయి, నీళ్ళు ఆపేసిన మొదటి రెండ్రోజులూ గుంటల్లో చిన్నచిన్న చేపలు కొట్టుకుంటాయి, పెళ్ళయిన కొత్తలో స్కూటరు మీద ఉయ్యూరు వెళ్తూ ఫక్రున్నీసా వంతెన మీద ఆపించి చాలాసేపు అవే చూస్తూ నిలబడింది, అచ్చం స్లైడులాగుంది చూశావా అంది. అంతా నిశ్చలం, ఎక్కడో ఒకచోట మాత్రం మెరుపు. ఎండ నెత్తిన మాడుస్తోంది, ఆమె పమిట చెంగు తీసి ఆయన తల మీద వేసింది. ఆస్పత్రిలో ఆమె చివరి మధ్యాహ్నం కూడా ఇలాగే వెతికాడు, ఆమె చేతివేళ్ళు చల్లబడుతుంటే రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, కదిలేది ఒక్కటైనా ఉందా అని, చూపుడువేలి కణుపు, తలుపు తట్టే కణుపు, ఒకసారి కదిలింది. కదిలిందనే అనుకున్నాడు. నర్సు లేదండీ అంది. అది తన చేతి వణుకే కావచ్చు.

పురుగు కనబడగానే ఫక్రున్నీసా పేషెంటుని పిలిచేది. ఇంకే డాక్టరూ అలా చెయ్యరు. మంచం దిగి చీర సవరించుకుంటున్న మనిషిని ఇలా రామ్మా అని స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను ముయ్యి, అదిగో, చూశావా, ఎలా తంటాలు పడుతోందో, పాపం కాదమ్మా ఇది, పురుగు, నీ తలలో పేనులాంటిదే, అనేది. ఆడవాళ్ళు భయపడుతూ వంగి, చూసి, కొందరు ఛీ అని, కొందరు ఏడ్చి. రామతులసి మాత్రం నవ్విందట. అక్షయ కడుపులో ఉంది అప్పుడు. అయ్యో, దీనికి కళ్ళు లేవండీ, ఎటు పోతోందో దానికే తెలీదు, అందట. ఆ రాత్రి అన్నం దగ్గర ఫక్రున్నీసా ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పుకుని మురిసిపోయింది. తరవాత అక్షయని ఈ తలుపవతలే ఆ చేతులతోనే బయటికి తీసింది, ఏడవడానికి కాస్త ఆలస్యం చేసిందని అరికాలి మీద తట్టి, మీ అమ్మలాగా నువ్వూ నవ్వుతావేంటే, అంది.

ఆ అమ్మాయికి ఎవరి నించి వచ్చిందో తెలుసా తనకి? తెలియదు. ఎవరికీ తెలియదు. ఏ నొప్పీ లేకుండా ఒంట్లో ఏళ్ళ తరబడి ఉండిపోగలదు, కలకత్తా నించి రావచ్చు, పోయిందనుకున్నది మిగిలిపోయి ఉండచ్చు, ఎవరు ముందని చెప్పే పరీక్ష లోకంలో లేదు. అది చెప్పినా సంజీవరావు దానిక్కూడా నవ్విస్తాడు. లేదు అనే రెండక్షరాలు, కనబడలేదు అన్నా వాళ్ళకి వినబడేది ఆ రెండక్షరాలే, అవి అన్నాక పూర్ణచంద్రరావు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు, అక్షయ వేరే ఎవరినో అమ్మా అంటుంది, రామతులసి పామర్రులో వాళ్ళన్నయ్య ఇంట్లో వంట చేస్తూ, ఆ రోగం పిల్ల అనిపించుకుంటూ ఉంటుంది, ఎంతకాలం ఉంటే అంతకాలం.

కిటికీలో ఎండ పసుపుపచ్చ నించి ఎర్రగా మారింది, గొట్టంలో వలయం రాగిచెంబు అడుగులా ఉంది. అంచులు మసకబారుతున్నాయి. ఇంకో రెండు వరసలు. చీముకణాలు. చీముకణాలు. తన కంటి నలక. నులిపురుగులని ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు రాశాడో, ఒక్కసారీ చెయ్యి ఆగలేదు, మరి ఈ ఒక్క మాటకెందుకు ఇంత బరువు. అప్పుడవి అబద్ధాలని తోచలేదు కాబట్టి కావచ్చు, తలుపుకి అవతల ఆమె ఉంది, ఆమె చూసింది నిజం, ఆ నిజానికి ఈయన చొక్కా తొడిగేవాడు. ఇప్పుడు తొడగడానికి లోపల ఏమీ లేదు. బయట తోపుడుబండ్లు ఒకదాన్నొకటి దాటుకుంటున్నాయి, ఎవడో బరువు దించుతూ జాగర్త జాగర్త అంటున్నాడు, మసీదులో మైకు గరగరమంది, మగ్రిబ్ అజాన్ మొదలైంది, వలయం గోధుమరంగై, బూడిదరంగై, ఆరిపోయింది.

లేచేసరికి మోకాలు పట్టేసింది. తలుపు సందులోంచి చూస్తే రామతులసి మంచం అంచున కాదు, కింద కూర్చుంది, కొత్త దుప్పటి నలుగుతుందని.

ముందు గదిలో దానమ్మ కొవ్వొత్తి పెట్టింది. ముగ్గురూ తలెత్తారు.

"ఉంది," అన్నాడు మొహిద్దీన్.

బసవపున్నయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పూర్ణచంద్రరావు మొహంలో మాత్రం ఒక్క క్షణం పిల్లవాడి భయం కనబడింది, దాన్ని చూసి డాక్టరుకి జాలేసింది కూడా. రాసివ్వండి అన్నాడు సంజీవరావు. కొవ్వొత్తి వెలుగులో రాశాడు, రోగం పేరు, మనిషి పేరు, తేదీ, సంతకం, అన్నీ తేటగా, గొలుసు రాత కాకుండా. సంజీవరావు ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. చదివి, ఊపిరి వదిలాడు.

"అయితే మావాడిక్కూడా అంటించిందన్నమాట."

ఎవరి నించి ఎవరికో చెప్పలేమండీ, ఎవరూ చెప్పలేరు, అన్నాడు మొహిద్దీన్, మీరు మాటిచ్చారు కదా అని కూడా అన్నాడు. సంజీవరావు బాధపడుతున్నట్టే ఉన్నాడు, నిజంగానే బాధపడి ఉండచ్చు.

"అప్పుడు లేదనుకుని అన్నానండీ," అన్నాడు.

నాలుగు మాత్రలూ మంచినీళ్ళూ బల్ల మీద పెట్టాడు మొహిద్దీన్. పూర్ణచంద్రరావు ఒక్కొక్కటే మింగాడు, ఈసారి ఎందుకు మింగుతున్నాడో తెలిసే మింగాడు, కలకత్తాలో ఎవరికో, ఇంకెక్కడో ఎవరికో, రేపు దాని వల్ల కొంత మేలు జరగచ్చు, అదొక్కటే. గ్లాసు కింద పెట్టి, పాపకేమైనా అంటుతుందా అని అడిగాడు, ఎత్తుకోవచ్చా అని. అంటదు బాబూ, నువ్వెత్తుకో, వాళ్ళమ్మనీ ఎత్తుకోనివ్వు, అన్నాడు డాక్టరు. ఎందుకొచ్చిన గొడవండీ, పిల్ల మా దగ్గరే ఉంటుంది లెండి, అన్నాడు సంజీవరావు, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మేనల్లుడి జేబులో పెడుతూ, పాత రెండింటి పక్కన. బసవపున్నయ్య లేచి డాక్టరుకి దణ్ణం పెట్టాడు. ఆటో చూస్తానని ఏదో గొణుక్కుంటూ వాళ్ళ వెనకే మెట్లు దిగాడు.

మొహిద్దీన్ మైక్రోస్కోపు దగ్గరికొచ్చి కూర్చున్నాడు, కప్పెయ్యాలి గాని గుడ్డ ఎక్కడ పెట్టాడో గుర్తు రాలేదు. తలుపు ఇంకాస్త తెరుచుకుంది. రామతులసి అన్నీ విని ఉంటుంది, ఎప్పుడూ సగం తెరిచే ఉండే తలుపు కదా. ఆమెకివ్వాల్సిన మాత్రలు అరచేతిలో పెడితే, ఇవి తినగానే నోరు చేదెక్కుద్ది కదండీ, అమ్మగారు బెల్లంముక్క ఇచ్చేవారు, అంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. తరవాత మైక్రోస్కోపు వంక చూసింది.

"అమ్మగారు కనపడగానే పిలిచేవారండీ, వచ్చి చూడమని," అంది. "మీరెవర్నీ పిలవలేదు."

కొవ్వొత్తి ముందు గదిలోనే ఉండిపోయింది, దాని వెలుగు గడప దాకా వచ్చి ఆగింది.

"నేనొకసారి చూడనా?"

"వెలుతురు లేదమ్మా. ఏం కనపడదు."

ఆమె వినిపించుకోలేదో, వినీ ఆగలేదో. పమిట భుజం మీదికి లాక్కుని, స్టూలు మీద కూర్చుని, నేర్చుకున్న మనిషిలా ఒక కన్ను మూసి, వంగింది. చాలాసేపు అలాగే ఉంది. కింద రోడ్డు మీద బసవపున్నయ్య ఆటోవాడితో బస్టాండుకి ఎంతని అడుగుతున్నాడు. చీకట్లో ఆ గొట్టంలోంచి కనబడేదేమిటో మొహిద్దీన్‌కి తెలుసు, తన కనురెప్ప నీడ తప్ప ఇంకేమీ కనబడదు, అయినా ఆమె తల ఎత్తకపోయేసరికి ఏమంటుందోనని ఎదురుచూశాడు.

"అవునండీ," అంది రామతులసి, కన్ను తియ్యకుండానే. "కదులుతోంది."